చదివినవాడే వెళ్ళాలి

ఆరో టవరు లిఫ్టులో ఒక మనిషి ఇరుక్కుపోయిందన్న ఫిర్యాదు తెర మీద నుంచి మాయమైపోయిందని, ఆ మనిషి మాత్రం ఇంకా లిఫ్టులోనే ఉందని ఆపరేటరుకి ఒకేసారి తెలిసింది.

ఆమె చేతుల్లో పూలకుండీ ఉంది. దాన్ని దించే తీరిక లేక మోచేత్తో ఫోను స్పీకరు బొత్తాం నొక్కింది.

"అమ్మాయీ, నేనే," అంది అవతలి గొంతు. "ఇందాకటి ఖైదీని. మీ మెకానిక్కు బయల్దేరాడా, లేక ఇంకా పుట్టాలా?"

"బయల్దేరాడండీ" అనబోయి ఆపరేటరు మళ్ళీ తెర వైపు చూసింది. 'తూర్పు' అన్న మాట పక్కన సున్నా ఉంది. ఆ సున్నా ప్రకారం ఫిర్యాదు ఎవరో చదివేశారు. చదివేశారంటే వెళ్ళినట్టే. కానీ కిటికీలోంచి చూస్తే కంపెనీ వ్యాను ఆవరణలో పెట్టిన చోటే ఉంది. దాని కప్పు మీద ఒక పిల్లి ఎండ కాచుకుంటోంది.

"ఒక్క నిమిషం ఆగండి," అంది.

"ఆగే ఉన్నానమ్మా. కదిలే సౌకర్యం ఉంటే నీకెందుకు ఫోన్ చేస్తాను?"

ఆ కంపెనీ ఊరంతా లిఫ్టులు బిగించి, అవి ఆగిపోయినప్పుడల్లా బాగుచేస్తూ బతుకుతోంది. ఫిర్యాదులన్నీ పోస్టులు చదువుకునే పాతకాలపు కంప్యూటరు ప్రోగ్రామైన న్యూస్‌రీడర్‌లోకి ఎక్కుతాయి. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, బొమ్మలూ మౌసూ ఏమీ లేవు. ఊరి నాలుగు దిక్కులకీ నాలుగు న్యూస్‌గ్రూపులు. 'జి' మీట నొక్కి, గ్రూపు పేరు కొట్టి, ఎంటర్ నొక్కితే ఆ గ్రూపు తెరుచుకుంటుంది. ఫిర్యాదుకో పోస్టు చొప్పున శీర్షికలు వరసగా కనబడతాయి. కావలసిన శీర్షిక మీద స్పేస్ బార్ నొక్కితే లోపలి సంగతి చదువుకోవచ్చు. చదివేసిన పోస్టు ఇక జాబితాలో కనబడదు. చదవాల్సినవి ఎన్ని మిగిలాయో గ్రూపు పేరు పక్కన అంకె చెబుతుంది.

మామూలుగా ఇలాంటి వాటిలో ఎవరి పేరుతో వాళ్ళు లోపలికి వెళ్తారు, ఎవరు చదివినవి వాళ్ళకే గుర్తు పడతాయి. ఈ ఆఫీసులో అందరికీ కలిపి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. అది మేనేజరు బుర్రలో పుట్టిన ఆలోచన. ఒకడు చదవగానే ఆ పోస్టు మిగతావాళ్ళకి కనబడదు కాబట్టి ఒకే లిఫ్టుకి ఇద్దరు మెకానిక్కులు పరిగెత్తే ప్రమాదం లేదు. ఈ ఆలోచన ఆయనకే ఎంతగా నచ్చిందంటే, రెండు వాక్యాలు అచ్చు వేయించి ఫ్రేము కట్టించి కంప్యూటరు పైన గోడకి కొట్టించాడు.

'చదివినవాడే వెళ్ళాలి. చదివి వెళ్ళనివాడు ఇంటికి వెళ్ళాలి.'

ఫలితం ఆయన ఊహించనిది. మెకానిక్కులు చదవడం మానేశారు. పొద్దున్నే తెర ముందు చేరి, బజారులో కూరగాయలు ఏరినట్టు శీర్షికలు ఏరేవారు. బాణం మీటతో పైకీ కిందకీ తిరగడమే తప్ప స్పేస్ బార్ జోలికి పోయేవారు కాదు. దాంతో ఆపరేటరు శీర్షికలు రాయడంలో చేయి తిరిగిన మనిషైంది. 'తలుపు కొంచెం కిర్రుమంటోంది, ఇంటావిడ కాఫీ ఇస్తుంది' అని పెడితే క్షణంలో మాయం. 'పదిహేనో అంతస్తు, మెట్ల దారి' అని పెడితే సాయంత్రం దాకా అక్కడే.

ఒక్క ఫిర్యాదుని మాత్రం ఆమె విద్య కూడా అమ్మలేకపోయింది. రెండో టవరు లిఫ్టు గుంతలో నీళ్ళు చేరాయి. పని చిన్నదే. కానీ ఆ గుంతకి వెళ్ళే దారిలో కాపలాదారు కుక్క ఉంది. దానికి మనుషుల మీద కోపం లేదు, మెకానిక్కుల పంట్లాల మీద ఉంది. ఆ పోస్టు వానలప్పటి నుంచీ తూర్పు గ్రూపులో చదవకుండా పడి ఉంది. దాని దగ్గరికి రాగానే మెకానిక్కుల వేలు బాణం మీట మీద రెండుసార్లు పడేది.

ఇవాళ పొద్దున మేనేజరు కొత్త టై కట్టుకుని వచ్చాడు. పదకొండింటికి తూర్పు టవర్ల సంఘం అధ్యక్షురాలు ఆఫీసు చూడ్డానికి వస్తుంది. ఆ టవర్ల లిఫ్టులు ఈ కంపెనీ చేతిలోనే ఉంచాలా, ఇంకొకరికి అప్పగించాలా అన్నది ఆవిడే తేలుస్తుంది. మేనేజరు కుర్చీలు సర్దించాడు, గోడ ఫ్రేము తుడిపించాడు, మెకానిక్కులకి కొత్త యూనిఫారాలు ఇప్పించాడు. చివరికి ఆపరేటరు ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, ఇవాళ ఏ చిన్న తేడా వచ్చినా నీ బ్యాగు సర్దుకుని వెళ్ళిపోవడమే. నా దగ్గర రెండో మాట ఉండదు. ఆ పెట్టె చూశావుగా?"

చూసింది. ఫోను ఎత్తి 'ఒకటి నొక్కండి, రెండు నొక్కండి' అని చెప్పే యంత్రం అట్టపెట్టెలో ఆమె బల్ల కిందే ఉంది. కాళ్ళు చాపుకోడానికి కూడా చోటు లేకుండా చేసింది.

ఆయన అటు తిరిగాడో లేదో ఆరో టవరు నుంచి ఫోను. కిందకి దిగుతున్న లిఫ్టు ఎనిమిదో అంతస్తు దాటాక ఆగిపోయింది, లోపల ఒకావిడ. ఆపరేటరు ఈసారి కాఫీల ఊసు ఎత్తకుండా పోస్టు చేసింది. 'ఆరో టవరు: లిఫ్టులో మనిషి ఉంది. వెంటనే.' చేసి, మెకానిక్కులని కేకేసేలోపే మేనేజరు గుమ్మంలోంచి ఆమెని కేకేశాడు. పూలు తెమ్మన్నాడు. "లిఫ్టులో మనిషి సార్," అంటే, "పోస్టు చేశావుగా, వాళ్ళు చూసుకుంటారు, పూలు మాత్రం నువ్వే తేవాలి," అన్నాడు.

ఆమె పూలు తెచ్చేసరికి గ్రూపులో సున్నా.

ఆపరేటరు పూలకుండీ బల్ల మీద పెట్టి వెనక గదిలోకి పరిగెత్తింది. మిగతా మెకానిక్కులు పొద్దున్నే తలో దిక్కుకి వెళ్ళిపోగా అక్కడ ఇద్దరు మిగిలారు. అందరూ బాబాయ్ అని పిలిచే పెద్ద మెకానిక్కు ఒకడు. రెండోవాడు మెరుపు. ఏ లిఫ్టు దగ్గరికి వెళ్ళినా జనం మెట్లెక్కి ఇళ్ళకి చేరాకే చేరతాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. అతను మేనేజరుకి స్వయానా బావమరిది. ఇద్దరూ కొత్త యూనిఫారాల్లో జేబులు వెతుక్కుంటున్నారు.

"ఆరో టవరు ఎవరు చదివారు?" అంది.

"మేం కాదు," అన్నారు ఇద్దరూ.

"ఎవరో ఒకరు చదవకపోతే పోస్టు ఎక్కడికి పోతుంది?"

"తల్లీ, శీర్షిక చూసి ఊరుకోవడమే తప్ప నేను స్పేస్ బార్ నొక్కాలంటే మంచి రోజు చూసుకుని నొక్కే మనిషిని," అన్నాడు మెరుపు. "పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నాం. ఈ పంట్లానికి జేబులు లేవు చూడు. స్క్రూడ్రైవర్ నోట్లో పెట్టుకోవాలా?"

"సరే, ఎవరు చదివితేనేం! లోపల మనిషి ఉంది. ఎవరో ఒకరు బయల్దేరండి."

ఇద్దరూ కదల్లేదు. బాబాయ్ గడ్డం గోక్కున్నాడు.

"అమ్మాయ్, నాకు వెళ్ళాలనే ఉంది. కానీ ఇప్పుడెవడు వెళ్తే వాడే ఇందాక చదివి ఊరుకున్నాడని లెక్క. ఫ్రేములో రాసి పెట్టాడుగా మహానుభావుడు. ఆ మనిషిని లిఫ్టులోంచి తీస్తాను, నన్ను ఉద్యోగంలోంచి తీస్తారు."

"అంటే లోపలావిడని అలా వదిలేస్తారా?"

"నేను వెళ్ళాలంటే," అన్నాడు మెరుపు, "బావతో చెప్పే వెళ్ళాలి. అతిథి వచ్చేసరికి గుమ్మంలో వరసగా నిలబడాలట. ఉన్నదే ఇద్దరం. ఒకడు పోతే వరసెలా అవుతుంది?"

"పెద్దాయనా!" అని వినిపించింది ముందు గదిలోంచి.

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. మధ్య గోడ ప్లైవుడ్డుది. స్పీకరు ఆపలేదు. ఆరో టవరు ఏడో అంతస్తు పైన వేలాడుతున్న మనిషి మొత్తం విన్నది.

"ఇటు రండి. ముప్పయ్యేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేశాను. గోడవతల గుసగుసలు వినడం నాకు కొత్త కాదు. మీరు చదవలేదుగా?"

"లేదండీ," అన్నాడు బాబాయ్ ఫోనుకి నమస్కారం పెడుతూ.

"అయితే రండి. మీరు చదవకుండానే వచ్చారని నేను చెబుతాను. నేను చెబితే ఎవరూ కాదనరు. నా ప్రాణానికి ఏం ఫరవాలేదు, ఫ్యాను తిరుగుతోంది, దీపం వెలుగుతోంది. సంచిలో బత్తాయిలున్నాయి, ఒక నవల ఉంది. అయినా రండి."

బాబాయ్ పనిముట్ల సంచి భుజానికి వేసుకుని పెరటి గుమ్మం గుండా వెళ్ళిపోయాడు. వ్యాను కప్పు మీంచి పిల్లి విసుగ్గా దిగింది.

"ఇక నువ్వు చెప్పమ్మాయ్," అంది హెడ్మిస్ట్రెస్. "నా ఫిర్యాదు ఎవరో చదివారు, చదివి ఊరుకున్నారు. ఎవరది?"

"తెలియదండీ. అందరికీ ఒకటే పేరు. ఎవరు నొక్కినా ఒకలాగే ఉంటుంది."

"క్లాసంతా ఒకే పేరుతో హాజరు పలికినట్టు! ఎవరిదీ తెలివి?"

ఆపరేటరు నోరు తెరిచేలోపే ఆ తెలివి గలాయన గదిలోకి వచ్చాడు. సెంటు వాసన ఆయన కంటే ముందు వచ్చింది.

"కుండీ అక్కడ కాదమ్మా, గుమ్మానికి ఎదురుగా! బాబాయ్ ఎక్కడ? ఒరేయ్, నువ్వు చొక్కా లోపలికి దోపు. ఇంకా రాలేదేమిటి ఆవిడ? టైమంటే ప్రాణమని ఊరంతా చెప్పుకుంటారు. ఇదేనా ఆ ప్రాణం?"

"ప్రాణమేనండీ," అంది స్పీకరు. "పదింబావుకే ఇంట్లోంచి బయల్దేరాను. మీ లిఫ్టు ఎక్కాను."

మేనేజరు కుండీ వైపు చూశాడు. తర్వాత మెరుపు వైపు. తర్వాత ఫోను వైపు.

"ఎవరది?"

"ఆలస్యమైన మీ అతిథిని. టవర్ల సంఘం అధ్యక్షురాలిని. ఏడో అంతస్తుకి పైన, ఎనిమిదికి కింద ఉన్నాను. మీ కంపెనీ పేరు నా కళ్ళకి ఎదురుగా ఇత్తడి పలక మీద ఉంది. దాని కింద 'నమ్మకానికి మారుపేరు' అని కూడా ఉంది."

మేనేజరు మొహంలో రక్తం ఎటుపోయిందో తెలియదు, టై రంగు మాత్రం మరింత ఎర్రగా కనబడింది. ఉన్నట్టుండి ఆయన గొంతులోకి తేనె వచ్చి చేరింది. "మేడమ్! ఇదిగో, ఇప్పుడే, ఈ క్షణమే మనిషిని పంపిస్తున్నాను. ఒరేయ్, పరిగెత్తు!"

"అక్కర్లేదు, బాబాయ్ వెళ్ళాడు బావా," అన్నాడు మెరుపు. "నేను పరిగెత్తినా ఒకటే, నడిచినా ఒకటే, తెలుసుగా."

మేనేజరు పావుగంట సేపు ఆ తేనె ఒలకబోశాక స్పీకరులో ఇంకో గొంతు దూరంగా, గొట్టంలోంచి వచ్చినట్టు వినిపించింది. "అమ్మా! పైన యంత్రం గదిలో ఉన్నానమ్మా! చక్రం తిప్పి పెట్టెని ఏడో అంతస్తుకి దించేస్తాను. తిప్పమంటారా?"

"ఆగండి పెద్దాయనా," అంది హెడ్మిస్ట్రెస్. "నేను చెప్పేదాకా తిప్పకండి."

గదిలో ఉన్న ముగ్గురూ ఫోను వైపు వంగారు.

"మేడమ్, అదేమిటండీ!" అన్నాడు మేనేజరు. "మీరు బయటికి రావాలి కదా!"

"వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మీరు కుర్చీ వేస్తారు, పూలిస్తారు, కాఫీ ఇస్తారు, చేతులు నలుపుకుంటూ క్షమించమంటారు. నిజం ఒక్కటి తప్ప అన్నీ ఇస్తారు. లోపల ఉన్నంతసేపే నాకు విలువ. నా ఫిర్యాదు చదివి ఊరుకున్నది ఎవరో చెప్పండి, దిగుతాను."

మేనేజరుకి ఆలోచించడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఈ అమ్మాయేనండీ," అన్నాడు. "కీబోర్డు ముందు కూర్చునేది ఈవిడొక్కతే. ఇప్పుడే పంపించేస్తున్నాను. ఏమ్మా, బ్యాగు సర్దుకో."

ఆపరేటరు పూలకుండీ వైపు చెయ్యి చూపించింది. "సార్, నేను పూలకి వెళ్ళానుగా! మీరే పంపారు."

"వెళ్ళేముందు నొక్కి ఉంటావు."

"రాసిందే నేను సార్. నేను రాసింది నేనే తెరిచి చదువుకోవాల్సిన ఖర్మేంటి నాకు?"

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నాను," అంది స్పీకరు. "మేనేజరుగారూ, మీరు మరీ తొందరపడ్డారు. ముందు మీ దగ్గర ఇంకెవరున్నారో చూసుకోండి. నాకేం తొందర లేదు, బత్తాయి ఒలుచుకుంటాను."

మేనేజరు బావమరిది చొక్కా పట్టుకుని ప్లైవుడ్డు అవతలికి లాక్కుపోయాడు. ప్లైవుడ్డు సంగతి ఆయన పూర్తిగా మర్చిపోయాడు.

"ఒరేయ్, నువ్వే చదివానని చెప్పు."

"నేనెందుకు చెప్పాలి బావా? చదివి వెళ్ళనివాడు ఇంటికి వెళ్ళాలన్నావుగా."

"నువ్వుండేదే నా ఇంట్లో కదరా! వెళ్తే ఏం పోయింది?"

"ఉండటం వేరు, పగలంతా అక్కతో ఉండటం వేరు."

"ఇక మీదట కంపెనీ వ్యాను తాళాలు నీ దగ్గరే ఉంచుకో."

"ఆదివారాలు కూడానా?" అన్నాడు మెరుపు.

తిరిగి వచ్చి ఫోను ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. "నేనే చదివానండీ. తప్పైపోయింది."

"మంచిది," అంది హెడ్మిస్ట్రెస్. బత్తాయి తొన నములుతున్న చప్పుడు. "ఏం రాసుంది అందులో?"

"ఆరో టవరు, మనిషి ఉంది, వెంటనే అనండీ."

"అది శీర్షిక. స్పేస్ బార్ నొక్కకుండానే కనబడుతుందని ఇందాక మీ వాళ్ళ మాటల్లోనే విన్నాను. నొక్కాక లోపల ఏముంది?"

మెరుపు బావ వైపు చూశాడు. బావ పైకప్పు వైపు చూశాడు.

"లోపల... మీరున్నారండీ."

ఆపరేటరు నవ్వు ఆపుకోడానికి దగ్గు తెచ్చుకుంది.

"సరే. నా ఒక్కదానిదే చదివారా, ఇంకా ఏమైనా చదివారా?"

"ఒక్కటేనండీ. ఒక్కటి చదవడానికే నాకు..."

"మేడమ్!" ఆపరేటరు అడ్డుపడింది. ఇందాకటి నుంచీ ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి, ఇప్పుడు బుర్ర కూడా అక్కడికి చేరింది. "మేడమ్, ఒక్కటి కాదండీ. ఒక్కటే చదివితే అంకె ఒకటే తగ్గాలి. ఇక్కడ సున్నా ఉంది. గ్రూపు మొత్తం చదివేసినట్టుంది."

"చదివేసినవి మళ్ళీ చూడటానికి వీలుందా?"

"ఉందండీ. పోవు, కనబడవు అంతే." ఆమె 'జి' నొక్కి 'తూర్పు' అని కొట్టింది. గ్రూపు ఖాళీగా తెరుచుకుంది. 'ఆర్' నొక్కింది. దాక్కున్న శీర్షికలన్నీ ఒక్కసారిగా తెర నిండా లేచి నిలబడ్డాయి. అన్నిటి కంటే పైన 'లిఫ్టులో మనిషి ఉంది' అన్న వరస. కింద కిర్రు తలుపులు, వెలగని దీపాలు, పదిహేనో అంతస్తు. అన్నిటి పక్కనా చదివిన గుర్తే. అట్టడుగున...

"కుక్క పోస్టు కూడా చదివేశారు!" అంది ఆపరేటరు.

మెరుపు ఒక్క గెంతులో తెర ముందున్నాడు. అతను అంత వేగంగా కదలడం ఆ ఆఫీసు అంతకుముందు చూడలేదు.

"రెండో టవరు కుక్కా? అది నేను చదివానా? నా పేరు మీద? బావా, నీ వ్యానూ వద్దు, నీ తాళాలూ వద్దు! ఆ కుక్క దగ్గరికి నన్ను పంపితే అక్క నిన్ను ఊరికే వదలదు!"

"ఏం తాళాలు?" అంది స్పీకరు తీయగా. మేనేజరు టై సర్దుకున్నాడు. "సరే, ప్లైవుడ్డు అవతల విన్నాన్లెండి. అమ్మాయీ, ఈ కుక్క కథేమిటి?"

ఆపరేటరు చెప్పింది. ఏ మెకానిక్కూ ఆ పోస్టు తెరవడని, వానలప్పటి నుంచీ అది అలాగే పడి ఉందని, ఇవాళ ఒక్కసారే మిగతావాటితో పాటు మాయమైందని.

"అన్నీ ఒకటొకటిగా తెరిచి చదవాలంటే ఎంతసేపు పడుతుంది?"

"నేను పూలు తెచ్చేలోపు అవదండీ. కానీ చదవకుండానే చదివినట్టు పెట్టే మీట ఒకటుంది. 'సి'. నొక్కితే, గ్రూపులో అన్నీ చదివినట్టు గుర్తు పెట్టమంటారా అని ఒకసారి అడుగుతుంది. 'వై' కొడితే అయిపోతుంది. మేమెవరం దాని జోలికి పోం. అన్నీ చదివినట్టంటే అన్నిటికీ వెళ్ళాలి కదండీ."

లిఫ్టులోంచి తొక్కలు కాగితంలో చుడుతున్న చప్పుడు వినిపించింది.

"అయితే ఇది చదవడం కాదు, తుడవడం," అంది హెడ్మిస్ట్రెస్. "ఒక్కటి చదవడానికే వణికే వాళ్ళు మీ మెకానిక్కులు. అన్నీ చదివేశానని ధైర్యంగా చెప్పగలిగేది, ఏ ఒక్కదానికీ వెళ్ళక్కర్లేని మనిషే. అలాంటివాళ్ళు మీ ఆఫీసులో ఎంతమంది ఉన్నారమ్మాయ్?"

ఆపరేటరూ మెరుపూ ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఒకే వైపు చూశారు.

"నాకసలు కీబోర్డే రాదు," అన్నాడు మేనేజరు. "మేడమ్, ఈ ఆఫీసులో ఎవరినైనా అడగండి. ఇన్నేళ్ళలో నేను దాన్ని ముట్టుకోలేదు. అది చిన్న ఉద్యోగులు చూసుకునే పని."

"బావా, చెప్పేయ్," అన్నాడు మెరుపు జాలిగా. "ఇంట్లో అక్క ఫోన్లో నీ చేత ఇదే పని చేయిస్తుందిగా. బంధువుల మెసేజీలు ఎక్కువైనప్పుడు అన్నీ చదివినట్టు పెట్టెయ్యమంటుంది, నువ్వు పెట్టేస్తావు. మొన్న మా పెద్దమ్మ ఆసుపత్రిలో చేరిన సంగతి కూడా అందులోనే పోయింది. కావాలంటే అక్కకి ఫోన్ చెయ్యనా?"

"నువ్వు నోరుమూసుకో."

"మూసుకుంటాను. ఫోన్ మాత్రం చేస్తాను."

"అమ్మా!" పైనుంచి బాబాయ్ అరిచాడు. "చెయ్యి లాగుతోందమ్మా! తిప్పనా?"

"ఇంకొంచెం ఓపిక పట్టండి పెద్దాయనా, దారికొచ్చేశారు." ఆవిడ గొంతు మారింది. ఇప్పుడది ఆఫీసు గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడే హెడ్మిస్ట్రెస్ గొంతు. "మేనేజరుగారూ, ఒక్క మాట. నేను మీ తెర మీద సున్నా చూడ్డానికి బయల్దేరలేదు. మా టవర్లకి మా అబ్బాయి వయసుంది, వాటి లిఫ్టులకి రోజూ ఏదో ఒక రోగం. అలాంటిచోట ఫిర్యాదులే లేవంటే నమ్మి మురిసిపోడానికి నేను మీ అత్తగారిని కాను. సున్నా కనబడి ఉంటే, మీరు ఫోనే ఎత్తరన్నమాట అనుకుని వేరే కంపెనీ వెతుక్కునేదాన్ని. ఫిర్యాదు చేస్తే ఈ అమ్మాయి రెండో మోతకి ఫోను ఎత్తింది, నవ్వుతూ మాట్లాడింది, కంగారు పడకండి అంది. మీ ఆఫీసులో నేను ఇంతవరకూ చూసిన మంచి అదొక్కటే. దాన్ని బ్యాగు సర్దుకోమంటున్నారు మీరు. ఆ అమ్మాయి వెళ్తే నేను ఇక్కడే నవల పూర్తి చేసుకుంటాను. మధ్యాహ్నం మా సంఘం వాళ్ళంతా వెతుక్కుంటూ వస్తారు. వాళ్ళకి మీరే చెప్పుకోండి."

మేనేజరు టై ముడి వదులు చేసుకున్నాడు. ఆపరేటరు లేచి తన కుర్చీ ఆయన వైపు జరిపింది. ఆయన అందులో కూర్చోబోయి, ఎదురుగా కీబోర్డు ఉందని చూసి, కూర్చోకుండా ఫోను మీదకి వంగాడు.

"నేనేనండీ," అన్నాడు. "ఈ అమ్మాయిని పూలకి పంపించాక నేనే వచ్చి ఇక్కడ కూర్చున్నాను. దాని తప్పేం లేదు, బ్యాగూ సర్దక్కర్లేదు, ఏదీ సర్దక్కర్లేదు. తూర్పు పక్కన ఆ అంకె చూశానండీ. మీరు గుమ్మంలోకి రాగానే అదే కనబడుతుందని నా గుండె జారిపోయింది. ఈ అమ్మాయి గ్రూపులు తెరుస్తుంటే ఎన్నోసార్లు వెనక నిలబడి చూశాను, చూడనట్టు చూశాను. జి కొట్టాను, తూర్పు అని కొట్టాను, తెరుచుకుంది. నిజం చెప్పొద్దూ, నా చేత్తో ఒకటి తెరుచుకుందని కాస్త సంతోషం కూడా వేసింది. కింద వరసలో ఏ మీట దేనికో రాసుంది. సి నొక్కాను. అన్నీ చదివినట్టు పెట్టమంటారా అని అడిగింది. ఈ ఆఫీసులో నేనేదైనా చేస్తుంటే, చెయ్యమంటారా అని ఆగి అడిగిన మనిషి ఇంతవరకూ ఎవరూ లేరండీ. కంగారొచ్చి వై కొట్టేశాను. పైవరస చూడలేదని చెబుదామనుకున్నాను ఇందాకటి నుంచీ. చూశాను. మనిషి అన్న మాట కంట పడింది. వెంటనే అన్నది కూడా పడింది. మెకానిక్కులు వెనక గదిలోనే ఉన్నారు, ఒక్క కేకేస్తే సరిపోయేది. కేకేస్తే వాళ్ళు వెళ్ళిపోతారు, గుమ్మంలో వరసగా నిలబడటానికి మనుషులుండరు. అతిథి వచ్చి వెళ్ళాక చూద్దాంలే, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, కాసేపు ఆగుతుందిలే అనుకున్నానండీ. చదివారా చదివారా అని పొద్దుట్నుంచీ అడుగుతున్నారు, చదవలేదండీ. తుడిచాను. మేడమ్, మీరు నవ్వకపోతే చెబుతాను. మీ ఫిర్యాదు మీ కంట పడకూడదనే తుడిచేశాను."